బోర్డు మీద ఒక పేరు, ఊళ్ళో ఒక పలుకు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఊళ్ళ పేర్ల గొడవే ఎక్కువ. ఒకటి కొరియర్ ఆఫీసు నుంచి, ఒకటి కూతుర్ని ఇంగ్లండు పంపుతున్న తల్లి నుంచి, ఒకటి డాలస్ నుంచి వచ్చింది. చిక్కు ఒక్కటే గనుక అన్నిటినీ ఒకచోట వేస్తున్నాం.

ప్రశ్న: కొరియర్ ఆఫీసులో ఫోన్ చేసే పని నాది. పార్సిళ్ళ మీద చిరునామాలన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి. మొన్న "కవలి నుంచేనా అండీ?" అని అడిగితే అవతలివాళ్ళు నవ్వేశారు. ఎప్పుడూ చూడని ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల నుంచి సరిగ్గా పట్టుకునే దారేమైనా ఉందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉంది. కాకపోతే పేరును తల నుంచి కాక తోక నుంచి చదవాలి.

మన ఊళ్ళ పేర్లు చాలావరకు ఊరు, పాడు, పల్లి, పేట, కొండ, గూడెం, పర్రు, లంక, వోలు లాంటి కొన్ని మాటలతోనే ముగుస్తాయి. ఇంగ్లీషులో రాసిన గుమాస్తాలు చివరి ఉకారాన్ని కోసేశారు. దాన్ని మళ్ళీ అతికించడమే మీ మొదటి పని. చివర 'యు ఆర్' అనో 'ఓ ఆర్ ఈ' అనో ఉంటే అది ఊరు: గుంటూరు, కందుకూరు, నెల్లూరు. చివర 'ఓ ఎల్ ఈ' కనబడితే ఓలు: ఒంగోలు, నిడదవోలు, రాజోలు. 'ఒంగోల్' అని ఆపేశారంటే మీరు కాగితం చూసి చదువుతున్నారని ఊరివాళ్ళు ఇట్టే పసిగడతారు.

చివర 'ఏ ఎల్' ఉన్న పేర్లతో జాగ్రత్త. మంచిర్యాల, జగిత్యాల, నంద్యాల ఇంగ్లీషు బోర్డు మీద 'ల్' దగ్గరే ఆగిపోతాయి. వరంగల్, మేడ్చల్, డోర్నకల్ మాత్రం నిజంగానే 'ల్' మీద ఆగే పేర్లు. ఆ 'ఏ ఎల్'కు ముందు 'ఐ' గానీ 'వై' గానీ ఉంటే 'యాల' అనుకోండి, 'జి', 'కె', 'సి హెచ్' ఉంటే 'అల్' అనుకోండి. గద్వాల, పరకాల లాంటివి ఈ లెక్కకు లొంగవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

తర్వాత జంట అక్షరాలు చూడండి. తెలుగులో ద్విత్వానికి ముందున్న అచ్చు సాధారణంగా పొట్టిగానే ఉంటుంది: గన్నవరం, బొబ్బిలి, కొవ్వూరు, పొన్నూరు, అద్దంకి. అక్కడ 'ఓ' అక్షరం చూసి 'బోబ్బిలి' అనే అవకాశమే లేదు. అయితే తెల్లదొరల నాటి స్పెల్లింగులకు ఈ సూత్రం పెట్టకండి. ఏలూరును అప్పట్లో రెండు 'ఎల్'లతో రాసేవాళ్ళు, అయినా అచ్చు దీర్ఘమే. కడప స్పెల్లింగు 2005 దాకా 'సి యు డి డి ఏ పి ఏ హెచ్'. అందులో 'యు'ది మన అకారం, రెండు 'డి'లు కలిసి ఒక్క 'డ', చివరి 'హెచ్'కు పనే లేదు. పాత పత్రాలు చూడాల్సి వస్తే ఈ ఒక్క పేరును విప్పి చూసుకోండి, చాలా పేర్లకు తాళంచెవి దొరుకుతుంది.

ఇక టి, డి. అచ్చ తెలుగు మాటలు ట, డ లతో మొదలవడం తక్కువ. కాబట్టి పేరు మొదట్లో 'టి' ఉంటే త, 'డి' ఉంటే ద అనుకుంటే చాలాసార్లు గెలుస్తారు: తుని, తెనాలి, తణుకు, దర్శి, దువ్వాడ, దెందులూరు. టెక్కలి, డోర్నకల్, డిచ్‌పల్లి మినహాయింపులు. పేరు మధ్యలో ఒంటరి 'డి' వస్తే తూకం డ వైపు మొగ్గుతుంది: కడప, గూడూరు, గుడివాడ. కానీ కదిరి, ఆదోని కూడా ఉన్నాయి. నిడదవోలులో అయితే డ, ద పక్కపక్కనే కూర్చున్నాయి, ఇంగ్లీషులో రెంటికీ ఒకే అక్షరం. జంట 'డి'ని ఎక్కువగా ద్ద అనే చదవాలి: సిద్దిపేట, గిద్దలూరు, అద్దంకి. వడ్డేశ్వరం ఆ వల నుంచి తప్పించుకుంది. 'టి హెచ్' కనిపించగానే మాత్రం థ అనకండి. ట కాదు, త అని చెప్పడానికే మనవాళ్ళు ఆ 'హెచ్' తగిలించారు. పార్వతీపురంలో ఒత్తు త లేదు.

పేరు మొదట్లో అదనంగా అతుక్కున్న 'వై', 'వి'లను చాలాసార్లు వదిలేయవచ్చు. ఎర్రగుంట్ల, ఎమ్మిగనూరులను 'వై'తోనూ, ఉయ్యూరు, ఒంటిమిట్టలను 'వి'తోనూ రాస్తారు. నోటి పలుకులో మెత్తగా వచ్చే య, వ లను గుమాస్తా గట్టిగా వినేశాడన్నమాట.

అసలు కష్టమంతా 'ఏ' అక్షరంతో. అది హ్రస్వమో దీర్ఘమో ఇంగ్లీషు చెప్పదు. 'పి ఏ ఎల్ ఏ'తో మొదలయ్యే నాలుగు పేర్లు తీసుకోండి: పలాస, పాలకొండ, పాలకొల్లు, పలమనేరు. వీటిని విడదీసే సూత్రం లేదు. ఇలాంటిచోట అర్థం వెతకాలి. తాడిచెట్టు గుర్తొస్తే తాడేపల్లి, తాడిపత్రి, తాడికొండలకు దీర్ఘం తప్పదని తెలుస్తుంది. మీరు తడబడిన కావలి కూడా అంతే. కావలి అంటే కాపలా, 'కవలి' అనే మాటే మనకు లేదు. ఇంటిపేర్లు కూడా పనికొస్తాయి. ఊరు 'ఊరి'గా, పాడు 'పాటి'గా మారి ఇంటిపేర్లలో నిలిచిపోయాయి. కందుకూరి, ఏలూరి, కొవ్వూరి అని మీ చెవిన ఎప్పుడో పడే ఉంటాయి. ఆ ఊరి పేరులో దీర్ఘం ఎక్కడుందో చెవికి ముందే తెలుసు, కళ్ళే తికమక పెడుతున్నాయి.

పిన్‌కోడ్ చూడటం మరవకండి. 50తో మొదలైతే చాలావరకు తెలంగాణ, 51, 52, 53 అయితే ఆంధ్రప్రదేశ్. ఒకే పేరున్న కొత్తపల్లులు, రామాపురాలు ఎన్నో ఉన్నాయి గనుక పలుకు కుదిరినా ఊరు తప్పే ప్రమాదం ఉంది. చాలా గ్రామాలకు తెలుగు వికీపీడియాలో పేజీలున్నాయి, అనుమానం వస్తే పేరు, మండలం వేసి వెతకండి. అదీ కుదరకపోతే ఫోన్లో పేరు మీరు పలకకండి. "మీ ఊరి పేరు ఒకసారి చెప్తారా అండీ, రాసుకుంటాను" అంటే వాళ్ళే చెప్తారు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో మీ జాబితాలో రాసిపెట్టుకోండి. ఇంగ్లీషులో రాసుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది.

ప్రశ్న: రైల్వే స్టేషన్ బోర్డుల మీద హిందీలో ఒంగోలును 'ఓంగోల్' అని ఎందుకు రాస్తారు? తప్పు కాదా? – ఒక పాఠకురాలు, చీరాల

జవాబు: హిందీ రాతలో హ్రస్వ ఎ, ఒ లకు మామూలు వాడుకలో అక్షరాలు లేవు. ఉన్నది ఏ, ఓ మాత్రమే. పైగా హిందీవాళ్ళు మాట చివరి అకారాన్ని మింగేస్తారు. మీ ఊరి పేరును హిందీలో ఎంత సరిగ్గా రాసినా చదివేవాళ్ళ నోట 'చీరాల్' అయ్యేది అందుకే. బోర్డు మీద మూడు లిపులుంటాయి కదా, తెలుగు లిపినే నమ్మండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండులోని లెస్టర్‌లో సీటు వచ్చింది. నేను స్పెల్లింగు చూసి 'లీసెస్టర్' అంటున్నాను, అదేమో తలకొట్టుకుంటోంది. అక్కడి పేర్లకు లెక్కాపత్రం ఏమైనా ఉందా? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ అమ్మాయిదే ఒప్పు. అక్కడ మూడు ముక్కలు రాసి రెండే పలుకుతారు. చివరి 'ర్' కూడా దక్షిణ ఇంగ్లండులో దాదాపు వినబడదు, 'లెస్ట' అన్నట్టే ఉంటుంది.

ఆ పేరు చివరున్న 'సి ఈ ఎస్ టి ఈ ఆర్' రోమన్ల సైనిక శిబిరాన్ని చెప్పే 'కాస్ట్రా' అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. అది కొన్ని పేర్లలో నలిగిపోయి 'స్టర్' అయింది: లెస్టర్, గ్లాస్టర్, వుస్టర్, బిస్టర్. టోస్టర్ అనే ఊరు కూడా ఉంది, రొట్టె కాల్చే టోస్టర్‌ను ఎలా అంటామో సరిగ్గా అలాగే. అదే మాట మాంచెస్టర్‌లో 'చెస్టర్'గా, లాంకస్టర్‌లో 'కస్టర్'గా నిలబడింది, అక్కడ స్పెల్లింగు కూడా మారింది కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది సైరెన్‌సెస్టర్. లెస్టర్ లెక్కన దాన్ని కుదించబోతే కుదరదు, మొత్తం పలకాలి.

'విచ్', 'విక్' అని ముగిసేవాటిలో 'డబ్ల్యు' ఎక్కువగా మాయమవుతుంది: గ్రెనిచ్, నారిచ్, వారిక్. ఇప్స్‌విచ్‌లో మాత్రం అది వినబడుతుంది. చివర 'హామ్' అని రాసుంటే ఇంగ్లండులో 'అమ్' అనండి: బర్మింగమ్, నాటింగమ్. కానీ దక్షిణ భారత దుకాణాలు ఎక్కువగా ఉండే లండన్‌లోని ఈస్ట్ హామ్ విడిగా రాసే రెండు మాటలు, అక్కడ హామ్‌కు పూర్తి విలువ ఇవ్వాలి. 'బరో' అనీ 'బర్గ్' అనీ కనిపించేవి 'బ్రా'కు దగ్గరగా ఉంటాయి: ఎడిన్‌బ్రా (ఇది స్కాట్లండులో ఉంది), లఫ్‌బ్రా. లెస్టర్ పక్కనే ఉన్న ఈ లఫ్‌బ్రా స్పెల్లింగు చూసి ఎవరో 'లూగబరూగా' అన్నారని అక్కడొక పాత జోకు.

తెలుగువాళ్ళం చేసే అసలు పొరపాటు అక్షరాల్లో కాదు, ఊనికలో. మనం ప్రతి అక్షరానికీ సమానంగా బరువు పెడతాం. ఇంగ్లీషులో బరువంతా ఒక ముక్క మీద పడి మిగతావి నలిగిపోతాయి. బర్మింగమ్‌లో 'బర్' ఒక్కటే గట్టిగా రావాలి. అన్నట్టు అమెరికాలోని అలబామా బర్మింగ్‌హామ్‌లో చివరి 'హామ్' స్పష్టంగా వినబడుతుంది. పేరు ఒక్కటే అయినా ఊరు మారితే పలుకు మారింది.

కొన్నిటిని ఊహించలేం, బట్టీ పట్టాలి. రెడింగ్ (చదవడం అనే మాట కాదు), డార్బీ, స్లవ్, థేమ్స్ అని మనం రాసే టెమ్జ్ నది. లండన్‌లో సదక్, హోబన్, రైస్లిప్. స్టేషన్లలో, రైళ్ళలో వినిపించే ప్రకటనలు వినమనండి, వారంలో సగం పేర్లు నోటికొస్తాయి. ష్రూజ్‌బరీ అనాలా ష్రోజ్‌బరీ అనాలా అనేది మాత్రం ఆ ఊరివాళ్ళలోనే తేలలేదు, మీ అమ్మాయి ఏదన్నా చెల్లుతుంది.

ప్రశ్న: డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటున్నాం. మా అన్నయ్య ఇండియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా 'ప్లానో' అంటాడు, ఆర్కన్సాను 'అర్కాన్సాస్' అంటాడు. అమెరికా పేర్లకు ఒక సూత్రం చెప్పండి, ఆయనకు పంపుతాను. – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీ అన్నయ్యగారిని మరీ తప్పుపట్టకండి. ఆర్కన్సాను ఎలా పలకాలో ఆ రాష్ట్ర శాసనసభే 1881లో తీర్మానం చేయాల్సి వచ్చింది: మూడు ముక్కలు, చివరి 'ఎస్' పలకకూడదు. అయినా కాన్సస్ రాష్ట్రంలో ఆర్కన్సా సిటీ అనే ఊరుంది, దాన్ని అక్కడివాళ్ళు 'ఆర్కాన్జస్' అనే అంటారు. అక్కడ మీ అన్నయ్యగారే దాదాపు గెలిచినట్టు.

ఒక సూత్రం కుదరకపోవడానికి కారణం ఉంది. ఫ్రెంచివాళ్ళు, స్పానిష్‌వాళ్ళు, అక్కడి మూలవాసులు పెట్టిన పేర్లను తర్వాత ఇంగ్లీషు నోళ్ళు తమకు తోచినట్టు తిప్పుకున్నాయి, ఒక్కోచోట ఒక్కోలా. అయోవా రాజధాని డిమాయిన్‌లో రెండు 'ఎస్'లూ మౌనం. షికాగో పక్కనున్న డెస్‌ప్లేన్స్‌లో రెండూ వినబడతాయి. స్పానిష్ పేర్లలోనూ అంతే. కాలిఫోర్నియా లహోయాలో జంట 'ఎల్' య అవుతుంది, టెక్సస్ అమరిలోలో ల గానే ఉండిపోయింది. కాలిఫోర్నియాలో అంతా స్పానిష్‌లాగే అంటారనుకుంటే లాస్ ఏంజెలస్ రేవు ప్రాంతం శాన్ పీడ్రో ఎదురొస్తుంది, అక్కడ 'పేద్రో' అంటే కొత్తవాళ్ళని తెలిసిపోతుంది.

మీ టెక్సస్‌లోనే ఆస్టిన్ వైపు వెళ్తే ఫ్లూగర్‌విల్‌లో మొదటి 'పి' మౌనం, మేనర్‌లో మొదటి అచ్చు 'ఏ'. హ్యూస్టన్ నగరం శామ్ హ్యూస్టన్ పేరు మీద వచ్చింది. న్యూయార్క్‌లో అదే స్పెల్లింగుతో ఉన్న వీధి వేరే మనిషి పేరు మీద వచ్చింది, దాన్ని 'హౌస్టన్' అనాలి. అన్నయ్యగారికి సూత్రం బదులు ఈ జంటలు పంపండి.

ప్రశ్న: మా విజయనగరాన్ని ఇంగ్లీషులో 'జెడ్'తో రాస్తారు. అంటే 'జ'ను 'జొన్న'లో జ లాగా పలకాలా? – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: అక్కర్లేదు. తెలుగులో చ, జ లు రెండేసి రకాలు. అచ్చ తెలుగు మాటల్లో అ, ఉ, ఒ లు, వాటి దీర్ఘాలు వచ్చేచోట నాలుక పళ్ళకు తగులుతుంది: చాప, చుక్క, జొన్న, జున్ను. పాత నిఘంటువుల్లో వీటికి ౘ, ౙ అని వేరే గుర్తులు కనిపిస్తాయి. ఇ, ఎ లు వచ్చేచోట నాలుక అంగిలికి వెళ్తుంది: చింత, చెరువు, జిల్లేడు. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఎక్కడైనా అంగిలి పలుకే: చంద్రుడు, జయం. విజయ సంస్కృత పదం, కాబట్టి మీ ఊరి 'జ' జయంలో జ. ఆ 'జెడ్' పాత రాతల అలవాటు.

బెజవాడ 'జెడ్' సంగతి వేరు, అక్కడ నాలుక నిజంగానే పళ్ళకు తగులుతుంది. గుంటూరు వైపు చుండూరును ఇంగ్లీషులో 'టి ఎస్'తో మొదలుపెడతారు. చూడటానికి వింతగా ఉన్నా అది రాసినవాడి చెవి చాలా మంచిది. అది ౘుండూరే.

ప్రశ్న: ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతాను. బోర్డు మీది పేరు చెప్తే బస్సులో అర్థం కాదు, ఊరివాళ్ళను అడిగితే బోర్డు మీది పేరే చెప్తారు. వాళ్ళలో వాళ్ళు వాడే పేరు రాబట్టేదెలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: "మీ ఊరి పేరేంటి?" అని అడిగితే ఎవరైనా కొత్తవాళ్ళ కోసం సర్దుకుని, బళ్ళో చెప్పిన పేరు చెప్తారు. పేరు అడక్కండి, పేరు వచ్చే ప్రశ్న అడగండి. "ఈ బస్సు ఎక్కడి దాకా పోతుంది?", "సంత ఎక్కడ పెడతారు?" అంటే మామూలు పలుకు దానంతటదే బయటికొస్తుంది. ప్రొద్దుటూరు పొద్దుటూరు అవుతుంది, నరసరావుపేట నర్సరావుపేట అవుతుంది. విభక్తి చేరితే ఇంకా కుదించుకుంటుంది: గుంటూర్లో, నెల్లూర్నించి, బందర్లో. ఒక్కరి మాట మీద ఆగకండి. కండక్టరును, టీ కొట్టులో ఒకరిని, ఒక పెద్దాయన్ను అడిగి, ముగ్గురిలో ఇద్దరు ఎలా అంటే అలా అనండి.

కొన్నిచోట్ల కుదించడం కాదు, పేరే వేరు. మచిలీపట్నం బందరు, భీమునిపట్నం భీమిలి, మహబూబాబాద్ మానుకోట, మహబూబ్‌నగర్ పాలమూరు, నిజామాబాద్ ఇందూరు. రాజమండ్రికి 2015లో రాజమహేంద్రవరం అని అధికారికంగా పేరు మార్చినా బస్సులో ఇప్పటికీ రాజమండ్రే. ఈ పేర్లు మీరూ వాడొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. దరఖాస్తుల్లో మాత్రం రాయకండి.

తోక ఒక్కటే మిగిలే పేర్లతోనే అసలు ప్రమాదం. చిలకలూరిపేట చుట్టుపక్కల 'పేట' అంటే అదే, ఇంకో పేట లేదన్నట్టు మాట్లాడతారు. తాడేపల్లిగూడెం వైపు 'గూడెం' అన్నా అంతే. కానీ జంగారెడ్డిగూడెం, కొత్తగూడెం కూడా గూడేలే. మీరు ఖమ్మం నుంచి బయల్దేరేవారు గనుక 'గూడెం ఒకటి' అని టికెట్టు అడిగితే కండక్టరు ఏది కొట్టాడో డబ్బులిచ్చేలోపే చూసుకోండి.